వణికే చేతి కొలత

నా కుడిచేయి ఇప్పుడు వణకదు. ఈ మాట ఎవరితో అన్నా వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: "ఏం తిన్నావు?" ఏ ఆకు, ఏ వేరు, ఏ కొండ మీద దొరుకుతుంది, పాలల్లోనా తేనెలోనా. బస్సులో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియనివాడు కూడా చెవి దగ్గరికి తెస్తాడు. ఏం మానేశావు అని అడిగినవాడు ఇంతవరకు నాకు తగల్లేదు. అలా అడిగే బుద్ధిమంతుడు పుట్టేదాకా ఆగడం నావల్ల కాదు కాబట్టి నేనే చెబుతున్నాను.

నేను వైద్యం చదవలేదు. అసలు బడిలోనే ఎక్కువకాలం కూర్చోలేదు. లెక్క మాత్రం నా అంతట నేనే నేర్చుకున్నాను. తిరువళ్ళూరు వడ్ల మండీలో కొలతగాణ్ణి. రాశి చుట్టూ ఒకసారి నడిచి చూసి ఎన్ని బస్తాలు పడతాయో చెబితే, కొలిచాక బస్తా తేడా వచ్చేది కాదు. రైతు నన్ను నమ్మేవాడు, మండీ యజమానీ నమ్మేవాడు. ఇద్దరూ నమ్మే మనిషి మండీలో దొరకడం కష్టం. మా కొలతలో ఒక ఆచారం ఉంది. మొదటి పడిని, అంటే మొదటి కొలపాత్రను, 'ఒకటి' అనకూడదు, 'లాభం' అనాలి. ఆ తరువాతే రెండు, మూడు. ఆ లాభం ఎవరిదో ఎవరూ అడగరు. మందుల విషయంలోనూ మనవాళ్ళ లెక్క అంతే. ఇంకా గింజ పడకముందే లాభం.

మా ఊరు వెంగల్. నలభై అయిదు దాటాక మా నాయన చేయి వణకడం మొదలైంది. ముందు బొటనవేలు, చూపుడువేలు కలిసి కనిపించని గింజనేదో నలుపుతున్నట్టు కదిలేవి. తరువాత చేయి, తరువాత కాలు. ముఖం మాత్రం వణకలేదు, చెక్కలా బిగిసిపోయింది. మాకు భయం కలిగించింది అదే. కోపం వచ్చినా నవ్వు వచ్చినా ఒకటే ముఖం. అన్నం ముద్ద నోటిదాకా వెళ్ళేసరికి సగం మెతుకులు ఒళ్ళో ఉండేవి. ఊళ్ళో దాన్ని వణుకుజబ్బు అన్నారు, వైద్యులు కంపవాతం అన్నారు. పేరు పెట్టడం తప్ప ఇద్దరూ చేసింది ఏమీ లేదు. ఆయన పోయేనాటికి మా అన్న మునిసామికీ నాకూ ఒక అలవాటు మిగిలింది. పొద్దున లేవగానే చేయి చాచి చూసుకోవడం. ఒకరికి తెలియకుండా ఒకరం.

1953 వచ్చేసరికి, నాయనకు వణుకు మొదలైన వయసు నాకూ దగ్గరపడింది. అప్పుడే పళ్ళిపట్టు నుంచి బావ దిగాడు. బావ అంటే మా అక్క మొగుడు. ఆయనకు తెలియని జబ్బు లేదు, ఆయనకు వచ్చిన జబ్బూ లేదు. సలహాలిచ్చేవాళ్ళ ఆరోగ్యం ఎప్పుడూ దివ్యంగానే ఉంటుంది.

"ఆరణిలో ఒక వైద్యుడు ఉండాడు చెంగల్రాయా. అందరి మాదిరి జబ్బు వచ్చినాక మందిచ్చేవాడు కాదు. రాకముందే ఇస్తాడు."

"రాని జబ్బుకు మందెందుకు బావా?"

"రాకుండా ఉండేదానికిరా! నరాలకు కంచె వేసినట్ల. మీ నాయనకు అప్పుడే ఇది పెట్టింటే ఈపొద్దు మనతో కూర్చోని తింటా ఉండును."

"పనిచేస్తాదని నమ్మకమేంది?"

"చేస్తే చేస్తాది, లేకుంటే లే. చెట్టు మందే గదా, చెడుపు చేస్తాదా ఏమన్నా?"

ఈ చివరి మాట తెలుగుదేశమంతా చెల్లే నాణెం. తమిళంలోనూ చెల్లుతుంది. మేలు చేసే బలం ఉన్నదానికి కీడు చేసే బలం ఎందుకు ఉండదో ఎవరూ చెప్పరు. గన్నేరు చెట్టు కాదా? మేక కూడా దాన్ని చూసి పక్కకు పోతుంది. మా బావ పోడు.

ఆరణి వైద్యుడి అరుగు మీద పొద్దున కూర్చుంటే మధ్యాహ్నానికి మన వంతు వచ్చేది. ఆ అరుగు మీద కూర్చున్నవాళ్ళ మాటలు మందుకన్నా ముందు పనిచేస్తాయి. ఒకడు తన మేనమామ పడక మీద నుంచి లేచి అరక కట్టాడంటాడు. ఇంకొకడు మాట పడిపోయిన వదినె ఇప్పుడు ఊరంతటితో జగడమాడుతోందంటాడు. లోపలికి వెళ్ళేసరికి మనం సగం నయమైపోయి ఉంటాం.

వైద్యుడు నా చేయి పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ముంగిస పాముతో కొట్లాడే ముందర ఏం చేస్తాది, చెప్పు?"

"నేను చూడలే సామీ."

"సర్పగంధి వేరు కొరికి పోతాది. దాంతో పాము విషం నరానికి ఎక్కదు. యాడన్నా ముంగిసకు కంపవాతం వచ్చి చూసినావా?"

"లే సామీ."

"మరింకేంది!"

అరుగు మీదివాళ్ళంతా తలలు ఊపారు. నేనూ ఊపాను. ఊళ్ళో ఒక్క ముంగిసనైనా ముసలితనందాకా పెంచి చూసినవాడు లేడు. అయినా శాస్త్రం తేలిపోయింది.

ఆ వేరు పొడిని మేకకాళ్ళ చారులో కలిపి పొద్దునా సాయంత్రమూ తాగాలన్నాడు. చారు లేకుండా పొడి ముడితే కడుపు మండుతుందని గట్టిగా చెప్పాడు. ఈ షరతు గుర్తుంచుకోండి. నన్ను ముంచింది వేరు, తేల్చింది షరతు.

మా ఆవిడ మంగమ్మ చారు కాచడం మొదలుపెట్టింది. మేకకాళ్ళు కాల్చి, గీకి, పూటంతా మరిగించి, మిరియాలు దంచి వేసేది. ఇల్లంతా ఆ వాసనే. పొడి చివర్లో ఉప్పు చల్లినట్టు చల్లేది. అందువల్ల మా ఇంట్లో మందు అంటే చారు. పొడి దానికి తాలింపు. ఎవరైనా అడిగితే "చారు తాగుతా ఉండాడు" అనేవాళ్ళం. నిజంగా అదే నమ్మాం కూడా. శ్రమ ఎక్కడ పడితే గుణం అక్కడుందనుకోవడం మా ఇళ్ళ అలవాటు.

మొదట్లో బాగా నిద్రపట్టింది. తరువాత ముక్కు మూసుకుపోయింది. ఎర్రటి ఎండాకాలంలో జలుబు లేకుండానే ముక్కు బిగిసి నోటితో ఊపిరి తీసుకున్నాను. ఆ తరువాత మనసు మీద తడిసిన గోనెపట్ట కప్పినట్టయింది. ఏ కారణమూ లేకుండా ఏడుపు వచ్చేది. మండీలో కూర్చుని రాశి కేసి చూస్తే కొలవాలనిపించేది కాదు. "నరాలు చల్లబడతా ఉండాయి" అని బావ వివరించాడు.

1955 కోతల నాటికి నా బొటనవేలూ చూపుడువేలూ కలిసి కనిపించని గింజను నలపసాగాయి.

నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పనక్కర్లేకుండా మండీలోనే బయటపడింది. వడ్లను పడిలో నింపి, పైన ఎక్కువైన గింజలు చేత్తో తోసేసి, అంటే తల కొట్టి, పోయడం నా పని. వణికే చేతిలో పడి కుదులుతుంది. కుదిలితే గింజలు సర్దుకుని లోపల ఖాళీ మిగలదు, ఇంకో గుప్పెడు ఎక్కువ పడుతుంది. కొనేవాడికి ఆ గుప్పెడు లాభం, రైతుకు నష్టం. ఇది వడ్ల వ్యాపారంలో చాలా పాత మోసం. పూర్వం కావాలని కుదిలించే కొలతగాళ్ళు ఉండేవాళ్ళు, వాళ్ళను రైతులు కొట్టిన సందర్భాలూ ఉన్నాయి.

ఒక ముసలి రైతు రాశి పక్కన గొంతుక్కూర్చుని నా చేతిని చూస్తూ ఉన్నాడు. అయిదారు పడులు చూసి లేచాడు.

"ఏమి నాయుడా, పడి కుదిలిస్తా ఉండావే."

"కుదిలించలే పెద్దాయనా. చెయ్యి వణకతా ఉండాది."

"ఓహో. కొనే పక్కనే వణకతాదా అది?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఇన్నేళ్ళలో నా కొలత మీద నవ్వు వినడం అదే మొదలు. నేను పడి కింద పెట్టేశాను. మండీ యజమాని నన్ను లోపలికి పిలిచాడు. ఓదారుస్తాడనుకున్నాను.

"నువ్వేం బాధపడవద్దు చెంగల్రాయుడూ. నిన్ను నేను వదలను. వడ్లు కొనేటప్పుడు నువ్వు కొలువు. అమ్మేటప్పుడు ఇంకొకరిని పెట్టుకుంటా."

నా జబ్బుకు నిజమైన ఉపయోగం కనిపెట్టిన మనిషి ఆయనొక్కడే. మరునాటి నుంచి నేను మండీకి పోలేదు.

స్టేషనుకు వెళ్ళే దారిలో ఒక డాక్టరు ఆసుపత్రి పెట్టుకుని ఉండేవాడు. బయట రెండు బెంచీలు. 1956లో నా కాలం ఎక్కువగా వాటి మీదే గడిచింది. అక్కడ ఎవరి జబ్బు వాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. నేను కుడిచేతిని ఎడమచేతితో పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఒకసారి కాఫీ తెప్పించుకుంటే సగం పంచె మీద పోయింది. పక్కనున్న తమిళావిడ, ఆమె మొగుడికి పక్షవాతం, గ్లాసు తీసుకుని నా నోటి దగ్గర పెట్టి "కుడింగ అయ్యా" అంది, తాగమని. నేను తాగాను. ఆమె నా ముఖం వైపు చూడకుండా గోడ వైపు చూస్తూ పట్టుకుంది. ఆ చూడకపోవడం ఎంత మర్యాదో నాకే తెలుసు. అదే వీధిలోని కాఫీ కొట్టువాడు ఆ తరువాత నాకెప్పుడూ అడక్కుండానే సగం గ్లాసే పోసేవాడు. సగం ఇచ్చి, తాగాక ఇంకో సగం పోసేవాడు. ఈ ఇద్దరూ నాకు ఏ మూలికా చెప్పలేదు. అందుకే గుర్తున్నారు.

డాక్టరు నా వేళ్ళు చూశాడు, నడిపించి చూశాడు.

"మీ నాయనకు ఉండిందా?"

"ఉండింది సార్."

"సరి. అప్పుడు ఇది అదే. మెడిసిన్ ఏమన్నా తింటా ఉండావా?"

"లే సార్."

నేను అబద్ధం చెప్పలేదు. మెడిసిన్ అంటే సీసా, మాత్ర, సూది. చారు మెడిసిన్ ఎలా అవుతుంది? ఆయన కూడా ఇంకో ప్రశ్న వేయలేదు. అంత చదువు చదివినవాడికి, తిరువళ్ళూరులో ప్రతి ఇంటి పొయ్యి మీదా ఏదో ఒక వేరు మరుగుతూ ఉంటుందని తెలియదా? ఆయన తల్లి కూడా మరిగిస్తూనే ఉంటుంది. మా ఇద్దరి మధ్య ఒక్క మాట పడి ఉంటే వణుకుతూ గడిపిన రెండో ఏడాది నాకు మిగిలేది.

ఆరణి వైద్యుడు మాత్రం చెక్కుచెదరలేదు. "జబ్బు బలంగా ఉండాది. మందు దానికన్నా బలంగా ఉండాల" అని పొడి రెట్టింపు చేశాడు. వణుకూ రెట్టింపయింది. "చూసినావా, జబ్బు ఎంత మొండిదో!" అని మళ్ళీ పెంచాడు. నెత్తిన నీళ్ళు పోస్తూ ఒళ్ళెందుకు తడుస్తోందని అడిగి, ఇంకో బిందె ఎత్తినట్టు ఉంది మా వైద్యం.

ఇంట్లో మంగమ్మ నాకు అన్నం కలిపి తినిపించడం మొదలైంది. తినిపించేటప్పుడు నేను ఆమె మీద అరిచేవాణ్ణి. ఆమె తిరిగి అరవకపోవడం చూసి ఇంకా అరిచేవాణ్ణి. ఒకరోజు ఆమె కంచం పక్కన పెట్టి, "వణుకు చేతికి వచ్చిందా నోటికి వచ్చిందా?" అంది. ఇద్దరం నవ్వాం. ఆ నెలలో మేం నవ్వింది అదొక్కసారే.

అన్న వెంగల్ నుంచి చూడవచ్చాడు. మనిషి గట్టివాడు, పొలం పని స్వయంగా చేస్తాడు. నా చేతిని చూశాడు. తన రెండు చేతులూ తుండుగుడ్డ కింద పెట్టుకున్నాడు.

"నీకు వచ్చిందంటే నాకూ వస్తాది గదరా చెంగా."

"నువ్వు పెద్దోడివి. రావాల్సి ఉంటే ముందే వచ్చుండును అన్నా."

"ఆ పొడి నాకూ చెప్పించు. ముందే తాగితే మంచిదంటగా."

ముందే తాగినవాడు ఎదురుగా వణుకుతూ కూర్చుని ఉన్నాడు. ఆయన నా చేతిని చూసే ఆ మాట అన్నాడు. భయపడ్డ మనిషి కళ్ళతో చూడడు. బావ వారం తిరక్కుండా వెంగల్‌కు పొడి చేర్చాడు.

1957లో మంగమ్మ తిరుత్తణి మురుగనుకు మొక్కుకుంది. ఆషాఢంలో వచ్చే ఆడికృత్తిక పండగకు నేను కావడి ఎత్తాలి, అంతకు ముందు మండలం రోజులు నియమంతో ఉండాలి. మురుగనును నేను వెటకారం చేయను. చెంగల్రాయుడంటే మురుగనే, నా పేరే ఆయన పేరు. వ్రతమంటే నీచు ముట్టకూడదు. అంటే మేకకాళ్ళ చారు లేదు. చారు లేకుండా పొడి ముట్టకూడదని వైద్యుడి షరతు. కాబట్టి పొడీ లేదు. మందు ఆపేశామని మాకు అనిపించనే లేదు. నీచు ఆపేశామనుకున్నాం.

కావడి ఎత్తుకుని కొండెక్కిన రోజు జనం మధ్య నలిగి, పైకి చేరి, దర్శనం చేసుకుని, దిగేటప్పుడు మజ్జిగ పందిరి దగ్గర ఆగాం. పోసేవాడికి నేనెవరో తెలియదు. నిండా పోసి ఇచ్చాడు. నేను తాగేసి గ్లాసు తిరిగి ఇచ్చాను. మంగమ్మ నా వైపు అలాగే చూస్తోంది.

"ఏమే?"

"నిండు గ్లాసు తాగినావు."

నేను పంచె చూసుకున్నాను. పొడిగా ఉంది. ముక్కుతో ఊపిరి ఆడుతోందన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది. మనసు మీది గోనెపట్ట ఎప్పుడు జారిపోయిందో మాత్రం చెప్పలేను. మంగమ్మ ఆ మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. పక్కవాళ్ళు సామి మహిమేనని "అరోహరా" అన్నారు.

ఇక్కడితో ఆపితే మంచి భక్తికథ. చాలామంది ఇక్కడితోనే ఆపుతారు. నేనూ ఆపేవాణ్ణేమో గాని, వ్రతం ముగిసిందని ఇంట్లో విందు చేశారు. మేక తెగింది. కాళ్ళు వృథా చేయడమెందుకని చారు మరిగింది. చారు ఉంది కదా అని పొడి పడింది. మళ్ళీ పొద్దునా సాయంత్రమూ. రెండు నెలలకు, పురటాసి వచ్చేసరికి, నా వేళ్ళు మళ్ళీ గింజ నలుపుతున్నాయి.

కారణాలకు కరువు రాలేదు. వ్రతంలో ఎవరో మైల కలిపారంది అక్క. నీ మనసులో అనుమానం ఉండింది, సామికి తెలుస్తాదన్నాడు బావ. కావడికి కట్టిన నెమలి ఈకలు పాతవన్నది ఒక చుట్టం. నేను లెక్క వేసుకున్నాను. వ్రతంలో నేను మానినవి రెండు, చారూ పొడీ. మళ్ళీ మొదలుపెట్టినవీ అవే రెండు. రెంటినీ విడదీయాలి. మంగమ్మను పిలిచి, చారు కాయి, పొడి వేయవద్దు అన్నాను.

"పొడి లేకుండానా? వైద్యుడు ఏమంటాడో!"

"ఆయన చారు లేకుండా పొడి వద్దన్నాడే గాని, పొడి లేకుండా చారు వద్దనలే."

ఆమె పొడి డబ్బా మూత బిగించి పక్కన పెట్టింది. ఉత్త చారు తాగుతూ కూర్చున్నాను. కార్తీక దీపాల నాటికి మంగమ్మ ప్రమిదల్లో నూనె పోయమని నా చేతికే చెంబు ఇచ్చింది. బొట్టు బయట పడలేదు.

ఈ సంగతి వైద్యుడికి చెబితే, "నీ ఒళ్ళు మందును పట్టుకోలే" అన్నాడు. తప్పు నా ఒంటిది. అరుగు మీద అప్పటికీ జనం నిండుగా ఉన్నారు. అప్పుడు నాకు ఆ అరుగు లెక్క అర్థమైంది. బాగైనవాడు దండం పెట్టడానికి తిరిగి వస్తాడు. బాగుకానివాడు ఇంకో వైద్యుడి అరుగు మీద ఉంటాడు. పోయినవాడు ఎక్కడికీ రాడు. ఇక్కడ కూర్చుని చూస్తే బాగైనవాళ్ళే కనిపిస్తారు. రాశిలో పైగింజలు మాత్రం చూసి ధర కట్టేవాణ్ణి మండీలో తరిమేస్తారు. వైద్యంలో వాడికి దండ వేస్తారు.

డాక్టరు దగ్గరికీ పోయాను. సర్పగంధి పేరు వినగానే నుదురు కొట్టుకున్నాడు.

"అది తింటే చెయ్యి వణకతాదయ్యా! ఇప్పుడు మేమే దాన్ని బీపీకి మాత్రలుగా ఇస్తా ఉండాము. ఎక్కువైతే ఇట్లే అవుతాదని తెలిసిన సంగతే. ఎందుకు చెప్పలేదు?"

"మీరు మెడిసిన్ అడిగినారు సార్."

తెలిసిన సంగతేనట. తెలిసినవాడు అడగలేదు, తిన్నవాడు చెప్పలేదు, ఇచ్చినవాడికి తెలియదు. ముగ్గురం కలిసి ఒక వేరును మోశాం.

1958 తై నెలలో, సంక్రాంతి పోయాక, అన్న కొడుకు చేత కబురు వచ్చింది. అన్న చేయి వణుకుతోంది.

నాకు భయం వేయలేదు. నిజం చెప్పాలంటే హుషారుగా బస్సెక్కాను. జబ్బేమిటో తెలుసు, మందేమిటో తెలుసు. మందు ఏమీ తినకపోవడమే. వెంగల్‌లో అన్న వాకిట్లో కూర్చుని ఉన్నాడు. వదినె చేతిలో చారు గిన్నె ఉంది.

"అది పారబోయి వదినా. అన్నా, పొడి మానెయ్. నెలా నెలన్నరలో పోతాది."

"నీకు మురుగన్ బాగుజేసినాడు. పొడి చెడ్డదంటావేమిరా?"

"మురుగన్ బాగుజేసింది పొడి మాన్పించి. ఆ విందు నాడు మళ్ళీ తిన్నా, మళ్ళీ వచ్చె. మానేసినా, పోయె. ఇంకేం కావాల నీకు?"

"అది నీ ఒళ్ళు. నాకు ఇదొక్కటే దిక్కు. దీన్ని కూడా ఇడిస్తే నాయన మాదిరి..." అని గిన్నె కోసం చేయి చాచాడు.

నాకు తిక్క రేగింది. వదినె చేతిలోంచి గిన్నె తీసుకున్నాను.

"సరే, నేను మళ్ళీ తాగుతా. ఇక్కడే ఉంటా. నీ కండ్ల ముందర నా చెయ్యి వణకతాది. అప్పుడన్నా మానేస్తావా?"

గిన్నె నోటిదాకా తెచ్చాను. అన్న లేచి నా చేతి మీద కొట్టాడు. చారు వాకిలంతా చిమ్మింది. కోడి ఒకటి పరుగెత్తుకొచ్చింది, వదినె దాన్ని అదిలించింది.

"నీ చెయ్యేం పందెమా నాకు? మానేస్తాలే పో! తాగనంటే తాగను. నువ్వు తాగొద్దు."

నా లెక్కకు ఆయన లొంగలేదు. నా చేయి పాడవుతుందని లొంగాడు. అటక మీది పొడి డబ్బా తెచ్చి తానే పెంటగుంటలో పారేశాడు.

నెలన్నర గడిచింది. రెండు నెలలు గడిచాయి. ఎండాకాలం చిత్తిర వచ్చింది, వైగాశి వచ్చింది. వారం వారం నేను వెంగల్‌కు పోయి ఆయన చేయి చూసేవాణ్ణి. ముక్కు తెరుచుకుందన్నాడు. మనసు తేలికైందన్నాడు. వేళ్ళు మాత్రం గింజ నలుపుతూనే ఉన్నాయి. ఆడి నెలలో ఒకరోజు నేనేదో జోకు చెబితే ఆయన నవ్వాడు. గొంతు నవ్వింది, ముఖం నవ్వలేదు. నేను చెరువుకు పోతున్నానని చెప్పి అవతలికి పోయాను.

అన్నది నాయన జబ్బే. పొడి దాన్ని తేలేదు, ఆపనూ లేదు. నాకు వచ్చింది పొడి జబ్బు, ఆయనకు వచ్చింది మా ఇంటి జబ్బు. రెండూ ఒకే వేషం వేసుకుని వచ్చాయి. ఒక రాశి కొలిచి పక్క రాశికీ అదే లెక్క చెప్పేవాణ్ణి నేను మండీలో ఎన్నిసార్లు ఛీ అన్నానో! ఇప్పుడు ఎదురుగా ఉన్నది నేనే కాబట్టి ఇంకొంచెం గట్టిగా అనుకున్నాను.

డాక్టరు దగ్గరికి అన్నను తీసుకుపోయాను. ఈసారి ఏమేం తిన్నాడో పిడికెడు కరివేపాకుతో సహా చెప్పాను. ఆయన ఒక చుక్కల మందు రాసిచ్చాడు. నీళ్ళలో కలిపి తాగాలి. దేంతో చేస్తారని అడిగాను.

"ఉమ్మెత్త జాతిది ఒక సీమ చెట్టు ఉండాది. దాని ఆకుతో."

అన్న నా వైపు తిరిగాడు. "చెట్టు మందేనంట చెంగా!" అన్నాడు. ముఖంలో ఏమీ లేదు గాని కళ్ళలో పాత అన్న ఉన్నాడు.

దాంతో నోరు ఎండుతుంది, కళ్ళు మసకలేస్తాయి, వణుకు కొంచెం తగ్గుతుంది. కొంచెమే. ఎక్కువ చుక్కలు వేస్తే మతి చెదురుతుందని డాక్టరు ముందే చెప్పాడు. చెట్టు మందు చెడుపు చేస్తుందని ముందే చెప్పి ఇచ్చినవాణ్ణి నా జన్మలో అప్పుడే చూశాను. నేను దాన్ని నమ్మడానికి అదొక్కటే కారణం. చెట్టుకు మన మీద ప్రేమా లేదు, పగా లేదు. అది తన కోసం ఆకు వేసుకుంటుంది. మన నరాలకు కంచె వేయాలని ఏ చెట్టూ మొలవలేదు. ఏదో ఒకనాడు ఏదో ఒక ఆకులోంచి నిజంగానే నాయన జబ్బును ఆపే సత్తువ తీస్తారేమో, నేను కాదనను. తీసినప్పుడు, తాగినవాళ్ళలో బాగుకానివాళ్ళెందరు, వాళ్ళిప్పుడు ఎక్కడున్నారు అని అడగండి. చెప్పలేనివాడి అరుగు దిగి వచ్చేయండి.

1960లో తిరుత్తణితో పాటు బావ ఊరు పళ్ళిపట్టూ ఆంధ్ర నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. రాష్ట్రం మారింది గాని బావ మారలేదు. ఇప్పుడు నన్ను చూపించి, "మా బామ్మర్దిని ఆరణి వైద్యమే నిలబెట్టింది" అని పళ్ళిపట్టు బస్సులో చెబుతున్నాడట.

ఈ ఏడు కోతలకు వెంగల్ పోయాను. సాయంత్రం కోతకు వచ్చిన ఆడవాళ్ళకు కూలి వడ్లు కొలవాలి. రాశికి రెండు పక్కలా రెండు పడులు పెట్టారు. ఒక పక్క నేను కూర్చున్నాను. అన్న కూడా వచ్చి రెండో పడి ముందు చతికిలబడ్డాడు. కొలవవద్దని వదినె అంటూనే ఉంది. ఆయన పడి ముంచి ఎత్తాడు. చేతిలో అది గలగలా కుదిలింది. గింజలు సర్దుకున్నాయి, పైన ఇంకో గుప్పెడు నిలిచింది.

"లాభం" అని పోశాడు, ముందున్న ఆమె ఒడిలోకి.

రెండో పడికే ఆడవాళ్ళకు విషయం అర్థమైంది. మూడో ఆమె నా దగ్గరికి రావలసింది, పక్కకు జరిగి అన్న ముందు నిలబడింది. ఆమె వెనక ఇంకొకతె. చూస్తుండగానే వరుసంతా అటు తిరిగింది.

"పెద్దయ్యా, నువ్వే కొలువు సామీ. నిదానంగా కొలువు. మాకేం తొందర లే."

అన్న నా వైపు చూశాడు. ముఖం కదల్లేదు. గొంతులోంచి నవ్వు వచ్చింది. పడి ముంచాడు, అది కుదిలింది, పోశాడు.

నా పక్కకు చివరికి ఒక ముసలామె వచ్చింది, నిలబడే ఓపిక లేక. నేను పడి నింపి, చేత్తో తల కొట్టి, ఒక్క గింజ అటూ ఇటూ కాకుండా ఆమె ఒడిలో పోశాను. ఆమె ఒడి వైపు చూసింది, నా చేయి వైపు చూసింది.

"చెయ్యి బాగయిందంటనే చిన్నయ్యా."

"అయింది అవ్వా."

"ఏం బాగో! మాకేం మిగిలె?"

రెండో పడి నింపాను. తల కొట్టబోయిన చేతిని ఆపి, పడిని నేలకేసి రెండుసార్లు తట్టాను. గింజలు కిందికి దిగాయి. దాని మీద ఇంకో గుప్పెడు పోసి ఆమె ఒడిలో వంచాను.